ఒట్టు వెయ్యని కుక్క

లాండ్రీ వెనక వీధి ఇంటి నుంచి
ఆదివారం

పిచ్చుకా,

నిన్నిలా పిలవొచ్చో లేదో తెలియదు. నీ అసలు పేరు నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో మా వాడి స్నేహితులు "పిచ్చుకకి కబురు చేశారా" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటుంటే విన్నాను. వాడు పెట్టిన పేరే అయ్యుంటుంది. కనపడ్డ ప్రాణికల్లా పేరు పెట్టడం వాడికి చిన్నప్పటి జబ్బు. మా పిల్లికి దొరసాని అని పెట్టిందీ వాడే. ఆ రోజు మనిద్దరం ఒకే బెంచీకి రెండు చివర్ల కూర్చున్నాం. నువ్వు నావైపు చూడలేదు. నేనూ చూడలేదు.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే సర్దుకో. మొన్న ఫోన్లో నువ్వు వాడి కుక్క గురించి "నట్టుని మీరు ఉంచుకుంటారా" అన్నావు, నేను "పంపు" అన్నాను, ఆ తర్వాత ఇద్దరం ఏడ్చి పెట్టేశాం. మనకి ఫోను కుదరదు. అందుకే కాగితం.

కుక్క నిన్న చేరింది. వ్యాను డ్రైవరు దాన్నీ, దాని గిన్నెనీ, వాడి నీలం పని చొక్కా ఉన్న కవరునీ దింపి "సంతకం పెట్టమ్మా" అన్నాడు. కవరు విప్పలేదు. నాకు ధైర్యం లేదు.

నీకు వాడు చెప్పే ఉంటాడు, అయినా నా నోటితో నేనూ చెప్తాను. రెండేళ్ళ మూడు నెలల కిందట వాడు ఈ కుక్కని ఏదో బిల్డింగులో లిఫ్టు గుంతలో దొరికిందని చొక్కాలో చుట్టుకుని తెచ్చాడు. దొరసాని తల్లిని వీధికుక్క నా కళ్ళముందే కొరికి చంపింది. కుక్కంటే నాకు ఒళ్ళు మండుతుంది. "కుక్క కావాలో అమ్మ కావాలో తేల్చుకో. దాంతో ఈ గడప తొక్కకు" అన్నాను. వాడు దాన్నెత్తుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వస్తాడులే అని ఇద్దరికీ వండాను. వాడూ నేనూ మొండితనంలో ఒక్కటే. నీతో సంతకాల పెళ్ళి అయిందని కూడా బయటివాళ్ళు చెప్తేనే తెలిసింది. నాలుగు నెలల కిందట లిఫ్టు పనిలో కాలు జారి పోయాడు. నా గడప తొక్కకుండానే పోయాడు.

ఇప్పుడు ఆ కుక్క ముందు గదిలో ఉంది. పిల్లి వంటగదిలో ఉంది. మధ్యలో తలుపు వేసి ఉంది. మా ఆసుపత్రి లాండ్రీలో మురికి వైపు, శుభ్రం వైపు అని రెండుంటాయి, ఇటు బండి అటు పోకూడదు. ఇల్లు కూడా అలాగే చేశాను. కుక్క ఆ తలుపు వైపే చూస్తూ తోకతో నేల ఊడుస్తోంది. అటు నుంచి పిల్లి తలుపు కింద పంజా పెట్టి గీకుతోంది. దేన్ని ఏది చంపుతుందో అని నాకు నిద్ర లేదు. ఏం చెయ్యాలో మీ పశువుల డాక్టర్ని అడిగి రాయి.

ఇంకొక్క మాట. వాడు నా గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నాడా? తిట్టినా సరే. రాయి.

వాడి అమ్మ


మహిళల హాస్టలు, రెండో అంతస్తు
గురువారం

అమ్మగారికి,

పిచ్చుక అనే పిలవండి. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

నట్టుని ఎందుకు పంపానో ఫోన్లో చెప్పలేకపోయాను. మేమున్న బిల్డింగులో లిఫ్టు ఉంది. తను పోయాక నట్టు ఆ లిఫ్టు ముందే కూర్చునేది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేది. దిగినవాళ్ళ ముఖం చూసి మళ్ళీ కూర్చునేది. రోజుకి వందసార్లు. పై అంతస్తు ఆవిడ "పిల్లలు భయపడుతున్నారు, ఏదో ఒకటి చెయ్యి" అంది. నేను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో తొమ్మిది గంటలు కూర్చోవాలి. ఈ హాస్టల్లో జంతువుల్ని రానివ్వరు. మీ ఇంటికి లిఫ్టు లేదని పంపాను.

డాక్టరు చెప్పినవి: పది రోజులు ఒకదానికొకటి కనపడకూడదు. కుక్క పడుకునే గుడ్డ పిల్లికి, పిల్లి పడుకునే గుడ్డ కుక్కకి రోజూ మార్చాలి. వాసన అలవాటైతే సగం స్నేహం అయినట్టేనట. తలుపుకి అటొకటి ఇటొకటి గిన్నె పెట్టి ఒకే వేళకి తిండి పెట్టాలి. తర్వాత కుక్కకి తాడు కట్టి, తలుపు కొంచెం తెరవాలి. పిల్లి ఎక్కి కూర్చోడానికి ఎత్తులో చోటుండాలి. తొందర పడకూడదు.

మీరడిగిన రెండో మాటకి జవాబు తర్వాత రాస్తాను.

పిచ్చుక


లాండ్రీ వెనక వీధి ఇంటి నుంచి
మంగళవారం

పిచ్చుకా,

మీ డాక్టరు చదువు ఏపాటిదో గానీ ఇక్కడేం జరగట్లేదు. తొమ్మిది రోజులు గుడ్డలు మార్చాను. కుక్క గుడ్డ పెడితే దొరసాని ఒకసారి మూతి పెట్టి, మళ్ళీ తన ఒళ్ళు తను నాక్కుంటూ కూర్చుంటుంది, నిమ్మకు నీరెత్తినట్టు. నట్టు కూడా అంతే. గుడ్డ చుట్టూ ఒకసారి తిరిగి నా ముఖం చూస్తుంది, ఇదేంటి నాకెందుకు ఇచ్చావన్నట్టు.

నేనేం లోటు చెయ్యలేదు. ప్రతి గుడ్డా వేడినీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు సబ్బు పెట్టి, ఎండలో ఆరేసి, మడత పెట్టి మరీ మార్చాను. ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన చెయ్యి. మురికిగుడ్డ ఎవరికైనా ఎలా ఇస్తాం?

నట్టుని వీధిలోకి తీసుకెళ్తే మన ఇంటి పక్క సందులోకి లాగుతోంది. ఆ సందు వెనక పెరట్లోకి పోతుంది, అక్కడ దొరసాని ఉంటుంది. వాసన పట్టి లాగుతోందని, గట్టిగా పట్టుకుని ఇటే తిప్పుతున్నాను. నా భుజం ఊడొస్తోంది. మా లాండ్రీలో ఇస్త్రీ మిషను ఆవిడ చూసి "కుక్కని నువ్వు తిప్పుతున్నావా, నిన్ను కుక్క తిప్పుతోందా" అంది.

నా రెండో మాట నువ్వు మర్చిపోలేదనుకుంటాను.

వాడి అమ్మ


మహిళల హాస్టలు
శుక్రవారం

అమ్మగారికి,

మీ ఉత్తరం దుకాణంలో చదువుతూ చాలా రోజుల తర్వాత నవ్వాను. పక్కసీటు అమ్మాయి భయపడింది.

గుడ్డలు ఉతక్కూడదండీ. వాసన కోసమే కదా మార్చేది. మీరు తొమ్మిది రోజులూ ఒకదానికొకటి సబ్బు వాసన పరిచయం చేశారు.

ఆ నీలం చొక్కా మాత్రం ఉతకలేదు కదా? నట్టు నాలుగు నెలలుగా దాని మీదే పడుకునేది. దాంట్లో ఇద్దరి వాసనా ఉంది. మీకు ధైర్యం వచ్చిన రోజు అది దొరసానికి పెట్టండి. అప్పుడేం చేసిందో నాకు రాయండి. తప్పకుండా రాయండి.

పిచ్చుక


లాండ్రీ వెనక వీధి ఇంటి నుంచి
సోమవారం

పిచ్చుకా,

తొందరగా రాస్తున్నాను. అక్షరాలు ఎటుపోతే అటు చదువుకో.

నిన్న కవరు విప్పాను. చొక్కా ఉతకలేదు. గ్రీజు మరకలు అలాగే ఉన్నాయి. బతుకంతా మరకలు పోగొట్టిన దాన్ని, ఆ మరకల్ని మాత్రం చేత్తో తాకి వదిలేశాను. వంటగదిలో నేల మీద పరిచాను. దొరసాని వచ్చింది. చీదుతుందనుకున్నాను. అది చొక్కా మీదెక్కి, చేతి మడతలోకి దూరి, ముందుకాళ్ళతో పిసుకుతూ గుర్రు పెట్టింది. దాని చిన్నప్పుడు తల్లి పొట్ట మీద అలా చేసేది.

సరే, వాడి వాసన గుర్తుపట్టిందేమోలే, రెండేళ్ళయినా పిల్లి మర్చిపోదులే అనుకున్నాను. నట్టుకి తాడు కట్టి, చీపురుకట్ట చేత పట్టుకుని, తలుపు జానెడు తెరిచాను.

దొరసాని లేచి నిలబడింది. ఒళ్ళు విరుచుకుంది. తిన్నగా నడుచుకుంటూ వచ్చి, ఆ కుక్క గడ్డం కింద తల పెట్టి రుద్దింది. కుక్క కళ్ళు మూసుకుంది. తోక కూడా ఊపలేదు. ఇంటికొచ్చిన మనిషి చెప్పులు విప్పి ఊపిరి పీల్చుకున్నట్టు ఒక్కసారి బుస్సుమని వదిలింది. నా చేతిలోంచి తాడు ఎప్పుడు జారిందో తెలియదు.

నట్టు వంటగదిలోకి రాలేదు. గడప దగ్గర ఆగింది. ఆగి, వీధిలోకి వెళ్ళి, సందులోంచి పరుగెత్తింది. నేను వంటగది వెనక తలుపు తీసేసరికి అది వెనక మెట్టు మీద ఎడమ పక్కన పడుకుని ఉంది. దొరసాని కిటికీ ఊచల్లోంచి దూకి దాని వీపు మీద కూర్చుంది. కుడి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు రెండూ వదిలేశాయి.

నాకు కూర్చోవాలని కూడా తోచలేదు. అలా నిలబడి చూస్తుంటే బట్టల తీగ కనపడింది. ఏడాదిన్నర కిందట వదులై వేలాడుతుండేది, ఒకరోజు పని నుంచి వచ్చేసరికి బిగుతుగా ఉంది. పక్కింట్లో ఉండే, అద్దె తీసుకునే ఇంటాయన చేయించాడనుకున్నాను. రోజూ దాని మీదే బట్టలారేశాను. తల ఎత్తి కొస ఎప్పుడూ చూడలేదు. నిన్న చూశాను. లిఫ్టు తాడుకి వేసే ఇనుప క్లిప్పు ఉంది. అలాంటివి వాడి ప్యాంటు జేబుల్లోంచి నేను ఎన్ని తీశానో, ఉతికే ముందు.

తిన్నగా ఇంటాయన దగ్గరికి వెళ్ళాను.

"మా వెనక కుళాయి కారుతుంటే బాగు చేయించింది మీరేనా?" అన్నాను.

"నేను కాక ఇంకెవరమ్మా?"

"బట్టల తీగ?"

"అదీ నేనే."

"వెనక తలుపు గంట?"

"అన్నీ నేనే చూసుకుంటానమ్మా, అడక్కుండానే."

"మా వెనక తలుపుకి గంటే లేదండీ."

ఆయన ఆకాశం వైపు చూసి, "ఈ మధ్య మతిమరుపు వస్తోంది" అన్నాడు. రెండేళ్ళు కనపడ్డప్పుడల్లా ఆ మనిషికి దండాలు పెట్టాను. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి మా ఇంట్లో కాదు, పక్కింట్లో ఉంది.

పిచ్చుకా, నీకు తెలుసు. "తప్పకుండా రాయండి" అన్నావు. నీకు తెలిసే అడిగావు. పదిహేను రోజులు నాచేత గుడ్డలు మార్పించి, గిన్నెలు మార్పించి, చీపురు పట్టించి, అవి రెండూ ఎప్పటి నుంచో ఎరిగున్నవని తెలిసీ ఊరుకున్నావు. నన్నెందుకు పిచ్చిదాన్ని చేశావు? వాడు ఇక్కడికి ఎప్పుడొచ్చాడు?

వాడి అమ్మ


మహిళల హాస్టలు
బుధవారం

అమ్మగారికి,

బుధవారాలు. తనకి సెలవు బుధవారమే. మీరు పొద్దున ఆరింటికి పనికెళ్ళేవాళ్ళు. ఏడింటికల్లా తను నట్టుని తీసుకుని సందులోంచి వెనక మెట్టు దగ్గరికి వచ్చేవాడు. పన్నెండింటికి లేచేవాడు. ఏడాదీ తొమ్మిది నెలలు.

ఇంటి తాళంచెవి తన గుత్తిలోనే ఉండేది. ఒక్కసారి కూడా తియ్యలేదు. "అమ్మ గడప తొక్కొద్దంది. మెట్టు గడప కాదుగా" అనేవాడు. నట్టుకి కూడా ఆ వంటగది గడప దాటకూడదని నేర్పాడు. కిటికీలోంచి మీ కళ్ళద్దాల పెట్టె ఎక్కడుందో, గిన్నెలెన్ని కడిగున్నాయో చూసొచ్చి నాకు చెప్పేవాడు. "అమ్మ ఒక్క కంచమే వాడుతోంది" అని ఒకసారి చెప్పి అన్నం తినకుండా పడుకున్నాడు. వాన మొదలైతే మీ బట్టలు తీసి కిటికీ లోపలికి తోసేవాడట.

వెళ్ళి తలుపు కొట్టమని నేనెన్నిసార్లు పోరానో. "పిలవాలి. పిలిస్తే వెళ్తా" అనేవాడు. పోనీ నేను చెప్తానంటే, "నువ్వు చెప్తే జాలితో పిలుస్తుంది" అని తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు, మీకు చెప్పనని. తన తల మీద ఒట్టు. ఇప్పుడింక ఆ తలకి కొత్తగా ఏమవుతుంది చెప్పండి. అయినా నాకు నోరు రాలేదు.

నట్టు ఏ ఒట్టూ వెయ్యలేదు కదా. అందుకని దాన్ని పంపాను. లిఫ్టు సంగతి అబద్ధం కాదు. కానీ అదొక్కటే కాదు. దొరసానితో పరిచయం ఎలా చెయ్యాలని మీరడిగితే, పరిచయం అక్కర్లేదని రాయడానికి వీల్లేక డాక్టరు చెప్పిందంతా రాశాను. మిమ్మల్ని పిచ్చిదాన్ని చెయ్యాలని కాదు. అవే చెప్తాయని కూర్చున్నాను. మీరు గుడ్డలు ఉతుకుతారని నాకేం తెలుసు.

తను మిమ్మల్ని ఎప్పుడూ తిట్టలేదు. ఇది మీ రెండో మాటకి జవాబు.

పిచ్చుక


లాండ్రీ వెనక వీధి ఇంటి నుంచి
శనివారం

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు పనికి వెళ్ళలేదు. బుధవారం అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన విషయం అని కూడా అప్పుడు తెలియదు.

వాడు పోయింది శుక్రవారం. అదే వారం బుధవారం నాకు జ్వరం. పనికి వెళ్ళకుండా పడుకున్నాను. ఎనిమిదింటప్పుడు వెనక కుక్క అరిచింది. దొరసాని కూత కూడా వినపడింది. తల్లిని చంపినట్టే పిల్లని కూడా చంపుతోందనుకున్నాను. ఒళ్ళు తూలుతున్నా లేచి, నానబెట్టిన బట్టల బకెట్టు ఎత్తి, కిటికీ ఊచల్లోంచి కిందికి గుమ్మరించాను. నాకు ఒక తోక కనపడింది అంతే. మెట్టు కిటికీకి సరిగ్గా కింద కదా, ఇంకేం కనపడదు. గొంతు చించుకుని అరిచాను. "పో. మళ్ళీ ఇటొచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా."

కింద ఎవరో దగ్గినట్టయింది. వీధిలో ఎవరో అనుకుని కిటికీ మూసి పడుకున్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. మా ఇంట్లో రెండూ జరిగాయి. రెండూ తీసుకోలేకపోయాం.

కాళ్ళు విరగ్గొడతానన్నాను పిచ్చుకా. ఇటు రావద్దన్నాను. రెండేళ్ళ తర్వాత వాడికి వినపడ్డ నా మాట అది. రెండు రోజులకి లిఫ్టులో. ఆ సబ్బునీళ్ళు వాడి చెప్పులకి ఉన్నాయేమో, జారుడు పోలేదేమో అని కూడా అనిపిస్తోంది. పిచ్చి ఆలోచనే. కానీ మూడు రోజుల నుంచి అదే.

ఆ రోజు వాడు ఇంటికి ఎలా వచ్చాడో నాకు చెప్పు. దాచకుండా చెప్పు. నన్ను ఊరడించడానికి మాత్రం రాయకు.

వాడి అమ్మ


మహిళల హాస్టలు
మంగళవారం

అత్తయ్యా,

ఊరడించడానికి రాయట్లేదు. తన తల మీద వేసిన ఒట్టు తప్పాను కాబట్టి, ఇంక ఒట్టు వెయ్యను. జరిగింది రాస్తాను.

ఆ బుధవారం తొమ్మిదిన్నరకే వచ్చేశాడు. తల నుంచి మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. నట్టు చెవుల్లో సబ్బు నురగ. ఏమైందని అడిగితే చెప్పలేకపోయాడు, నవ్వు ఆగక. గోడకి చేరగిలబడి, కూర్చుండిపోయి నవ్వాడు. "అమ్మ ఇంట్లోనే ఉంది. బకెట్టు మొత్తం. ఒక్క చుక్క పక్కకి పోలేదు. చిన్నప్పుడు గరిటె విసిరినా అంతే, గురి తప్పదు" అన్నాడు. నా తువ్వాలు పాడు చేశాడు. మధ్యాహ్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తింటూ తింటూ, "గొంతు బాగా లేదు. బొంగురుగా ఉంది. పనికి వెళ్ళలేదంటే జ్వరమే" అన్నాడు. ఆ తర్వాత నవ్వలేదు.

మర్నాడు గురువారం పొద్దున పనికి వెళ్ళే ముందు మందుల షాపు దగ్గర ఆగాడు. జ్వరం మాత్రలు కొన్నాడు. "కిటికీలో పెట్టేసి పోతా" అన్నాడు. పెట్టాడో లేదో, అవి మీకు అందాయో లేదో నాకు తెలియదు. శుక్రవారం వేసుకున్నవి వేరే చెప్పులు, అత్తయ్యా. తడిసినవి ఇంకా నా దగ్గర ఎండిపోయి ఉన్నాయి.

తర్వాతి బుధవారం తలుపు కొట్టేవాడో లేదో నేను చెప్పలేను. కొట్టేవాడని రాస్తే మీకు బాగుంటుంది. కానీ నాకు తెలియదు.

నాకూ బుధవారమే సెలవు. ఆ రోజు వంట చెయ్యను. రెండో కంచం చూడలేక.

పిచ్చుక


లాండ్రీ వెనక వీధి ఇంటి నుంచి
గురువారం

పిచ్చుకా, నా కోడలా,

అందాయి.

ఆ గురువారం కిటికీ గట్టు మీద మాత్రల కాగితం సంచి ఉంటే, ఇస్త్రీ మిషను ఆవిడ పెట్టిపోయిందనుకున్నాను. తర్వాత అడిగితే "నేనా? నీకు జ్వరమని నాకు తెలిస్తేగా" అంది. వేళాకోళానికి అంటోందిలే అనుకున్నాను. చూశావా, నాకు ఎవరు ఏం చేసినా ఇంకెవరికో దండం పెట్టడమే సరిపోయింది.

నీ ఉత్తరం చదివి మందుల డబ్బా అంతా వెతికాను. సంచి దొరికింది. రెండు మాత్రలు మిగిలి ఉన్నాయి. సంచి మీద "తిన్నాక వేసుకోవాలి" అని రాసి ఉంది. అప్పుడు షాపువాళ్ళ రాత అనుకున్నాను, జ్వరంలో కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు. ఇప్పుడు పెట్టుకుని చూశాను. వాడు ఒకటో తరగతి నుంచీ అక్షరాలన్నీ పెన్సిలు విరిగేలా నొక్కి రాస్తాడు. కాగితం వెనక్కి తిప్పి వేలుతో తడిమితే గట్లు గట్లుగా తగులుతున్నాయి.

మళ్ళీ ఇటు రావద్దని అరిచాను కదా. వాడు మర్నాడే వచ్చాడు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక.

ఆ రోజు నేను లేచి అన్నం వండుకుని, తిని, మాత్ర వేసుకున్నాను. వాడు చెప్పినట్టే చేశాను, వాడు చెప్పాడని తెలియకుండా.

నట్టు ఇంకా వంటగది గడప దాటట్లేదు. నిన్న దాని ముందు కూర్చుని "లోపలికి రారా" అన్నాను. అది నా వంకా గడప వంకా చూసింది. మళ్ళీ అన్నాను. మూడోసారి అన్నాక ఒక కాలు పెట్టింది. దొరసాని లోపల నుంచి చూస్తూ కూర్చుంది, వచ్చావా అన్నట్టు. నేను పిలవాల్సిన పిలుపు అదే. రెండేళ్ళు ఆలస్యంగా కుక్కని పిలిచాను.

నిన్ను ఆలస్యం చెయ్యను. బుధవారం నువ్వు రా. ముందు నుంచి రా, సందులోంచి రా, నీ ఇష్టం. లాండ్రీలో చెప్పి బుధవారం సెలవు మార్పించుకున్నాను. మెట్టు మీద కుడి పక్కన చోటు వాటి రెండిటికీ తెలుసు, నువ్వు కూర్చుంటే అవేం అనవు. వాడి ఆ తడిసిన చెప్పులు తీసుకురా. నేను ఉతకను.

రెండో కంచం నేను తీసి కడిగి పెట్టాను. బుధవారం దాకా అక్కడ నువ్వు పస్తులుండకు. కూర్చుని చేసే పనిలో ఆకలి తెలియదు. వేళకి కడుపు నిండా తిను.

అత్తయ్య